దిబ్బలపేటలో కట్టిన ఫ్లెక్సీ

వెంకీ ఆ వేకువ తెప్ప మీద ఒంటరిగా వెళ్లకూడదు. తెప్పకు ఇద్దరుండాలి. జతగాడికి జ్వరమొస్తే వల ఇంట్లో పడేసి పడుకోవాలి. వాడు పడుకోలేదు. మేనమామ నూకయ్య ఆపలేదు. మేనమామే కాదు, పిల్లనిచ్చిన మామ కూడా. పెళ్లాం పోయాక నూకయ్యకు మిగిలింది ఉష ఒక్కతే. దాన్ని తన అక్క లక్ష్మణమ్మ కొడుకని వెంకీకే కట్టబెట్టాడు.

చీకటి పడ్డా తెప్ప రాలేదు. మర్నాడు వాళ్ల ఊరు భావనపాడు తెప్పలన్నీ తూర్పుకి పోయి వెతికి, వట్టి చేతులతో తిరిగొచ్చాయి. మోటారు ఆగిపోయి ఉంటుందన్నారు పెద్దలు. కార్తీకంలో నీటి ఒరవడి దక్షిణానికి లాగుతుంది. తెప్ప మునగకపోతే వంశధార సముద్రంలో కలిసే వైపుకి కొట్టుకుపోతూ ఉంటుంది. తాగడానికి నీళ్లడబ్బా ఉంది. మనిషి గట్టివాడు. ఎవరో ఒకరి కంటపడితే చాలు, బతికి వస్తాడు.

భావనపాడు నుంచి అంత దూరం పోయి వెతకడం కన్నా, అక్కడి పల్లెలవాళ్లు దిగి చూడటం మేలు. నూకయ్య తెలిసినవాళ్లందరికీ ఫోన్లు చేశాడు. సరే బావా, సూస్తాం అన్నారు. కాని తెప్ప తోసేవాడు ఫోను పట్టుకుపోడు. ఒకడికి చెప్పిన మాట రెండోవాడికి చేరుతుందన్న నమ్మకం లేదు. ఫ్లెక్సీ వేయిద్దాం నాన్నా అన్నది ఉష. తెప్పలు తోసే చోట కడితే చూడనివాడుండడు.

ఆ మాట నిజమే. ఈ తీరంలో పిల్ల పెద్దమనిషైనా ఫ్లెక్సీ, గుంటడికి ఏడాది నిండినా ఫ్లెక్సీ, ముసలాడు కన్నుమూసినా ఫ్లెక్సీ. అది పడనిదే ఏదీ జరిగినట్టు కాదు. పడ్డాక జరగలేదంటే ఎవడూ నమ్మడు.

కోటబొమ్మాళిలో స్టేషనుకు పోయే దారిలో రమేష్‌బాబు షాపు. నూకయ్య, లక్ష్మణమ్మ మధ్యాహ్నం అక్కడ దిగారు. నూకయ్య భార్య పోయినప్పుడూ ఫ్లెక్సీ ఇతనే వేశాడు. ఆవిడ బొమ్మ చుట్టూ గులాబీలు పేర్చాడు. ఆవిడ బతుకంతా ఐసు బుట్టలు మోసింది. గులాబీ ముట్టుకుని ఎరగదు. నూకయ్య ఆ రోజు ఏమీ అనలేదు, ఇప్పటికీ మరిచిపోలేదు.

రమేష్‌బాబు రైతుబిడ్డ. వరి నాట్లు వదిలేసి మౌసు పట్టాడు. అచ్చు మిషను అతని దగ్గర లేదు, శ్రీకాకుళంలో ఉంది. ఇంతకుముందు ఇక్కడ బొమ్మ తయారుచేసి, పెన్‌డ్రైవ్ జేబులో వేసుకుని బైకు మీద పోయేవాడట. ఇప్పుడా బాధ లేదని వచ్చినవాళ్లందరికీ చెప్పుకుంటాడు. వీళ్లకీ చెప్పాడు. ఫోల్డర్లు చూపించే కిటికీ ఒకటి తెరిచి, ఇందులో కనబడేదంతా శ్రీకాకుళంలో మిషను పక్కనున్న కంప్యూటరులోదే అన్నాడు. ఇక్కడ కూర్చుని అక్కడి ఫైలు తెరుస్తాను, ఇక్కడే మారుస్తాను, ఇక్కడే సేవ్ కొడతాను, అక్కడ గోపి అచ్చేసుకుంటాడు. అతని గొంతు వింటే శ్రీకాకుళాన్ని సంచీలో పెట్టుకు తిరుగుతున్నవాడిలా ఉన్నాడు.

తొందరగా అవుతుందని పాత ఫైలు ఒకటి ఎంచుకున్నాడు. దానికి నకలు తీసి వెంకీ అని పేరు పెట్టి తెరిచాడు. అందులో ఎవరో పోయిన పెద్దాయన. పైన ఎర్రగా, పెద్దగా, కన్నీటి వీడ్కోలు అని ఉంది. రమేష్‌బాబు ఆ పెద్దాయన ముఖం తీసేసి, ఉష పంపిన వెంకీ ఫొటో అక్కడ పెట్టాడు. పేరు మార్చాడు. ఊరు మార్చాడు. సేవ్ కొట్టాడు.

లక్ష్మణమ్మకు చదువు రాదు. కాని ఆ ఎర్ర అక్షరాల రూపు ఆమెకు తెలుసు. మొగుడి ఫ్లెక్సీ మీద చూసింది, మరదలి ఫ్లెక్సీ మీద చూసింది. లేచి వెళ్లి అరచేత్తో తెర మీద ఆ మాటను మూసేసింది.

"ఇది ముందు తుడిసీ నాయనా. తుడిసినాక మా గుంటడి బొమ్మ ఎట్టు."

"ఏది ముందైతే ఏటమ్మా? రెండు నిమిషాల్లో అంతా మారిపోతాది. సెయ్యి తియ్యి."

ఆమె తియ్యలేదు. నూకయ్యకు పరువు పోయినట్టనిపించింది. "ఊరుకో అప్పా. అతనికి తెల్దేటి?" అని ఆమె భుజం పట్టి వెనక్కి లాగాడు. ఆమె కూర్చుంది. మళ్లీ తెర వైపు చూడలేదు.

అప్పుడే కరెంటు పోయి వచ్చింది. కంప్యూటరుకు బ్యాటరీ ఉంది, ఆగలేదు. గోడకున్న నెట్టు డబ్బాలో దీపాలు మాత్రం ఆరిపోయి మళ్లీ ఒక్కొక్కటే వెలగసాగాయి. రమేష్‌బాబు వాటి వంక చూడనేలేదు. ఎర్ర అక్షరాలు తుడిచేసి, ఆచూకీ తెలపండి అని రాశాడు. సముద్రంలో తప్పిపోయాడు, తెప్ప రంగు నీలం, కనబడితే ఈ నంబరుకు చెప్పండి అని కింద రాసి, సేవ్ కొట్టాడు. తెర మూల ఒక చిన్న గడి లేచింది. అందులో ఇంగ్లీషులో ఏదో రాసి ఉంది.

"అదేటి బాబూ?" అని అడిగాడు నూకయ్య.

"ఏటీ లేదు. రోజూ వస్తాది." గడిని మూసేశాడు. చదవలేదు.

తెరను ఫొటో తీసి ఉషకు పంపాడు. నంబరు ఇంకా పెద్దగా ఉండాలన్నది ఆ పిల్ల. పెద్దది చేశాడు, మళ్లీ సేవ్ కొట్టాడు. గడి మళ్లీ లేచింది, మళ్లీ మూసేశాడు. గోపికి ఫోను చేసి, వెంకీ అన్న పేరుతో ఫైలుంది, నాలుగు కొట్టు అన్నాడు. అవతల మిషను మోతలో గోపి సరేనన్నాడు.

ఈ ఏర్పాటులో ఇంకో సుఖం కూడా ఉందని రమేష్‌బాబే చెప్పాడు. ఫ్లెక్సీలు కోటబొమ్మాళికి రానక్కర్లేదు. శ్రీకాకుళం నుంచే వ్యానులో పోతాయి. కట్టే మనిషి బరంపురం వైపు వాడు, పనిలో నమ్మకస్తుడు, కర్రలు కూడా తనే తెచ్చుకుంటాడు. తెల్లారేసరికి దక్షిణాన నాలుగు పల్లెల్లో వెంకీ ఫ్లెక్సీ ఉంటుంది. ఆ మనిషి తెలుగు గడగడా మాట్లాడతాడనీ, చదవడం మాత్రం రాదనీ ఆ పూట ఎవరికీ చెప్పాలని తోచలేదు.

మర్నాడు ఎండెక్కింది. దక్షిణం నుంచి ఫోను రాలేదు. నూకయ్య ఒడ్డున తిరగేసిన తెప్ప మీద కూర్చుని ఫోను వంక చూస్తూ ఉన్నాడు. ఇన్ని తెప్పలు దిగితే ఒక్కటికైనా ఏదో కనబడాలి. కనబడలేదనైనా చెప్పాలి. సముద్రం చదునుగా ఉంది. ఇలాంటి రోజు పిల్లాడైనా వెతగ్గలడు.

ఊళ్లోంచి ఏడుపు వినబడింది.

అతను పరుగెత్తి వచ్చేసరికి ఇంటి ముందు ఆటో ఆగి ఉంది. దక్షిణాన దిబ్బలపేట నుంచి ఆడవాళ్లు దిగుతున్నారు. దిగుతూనే రాగం ఎత్తుకున్నారు. ముందు మరిడమ్మ, దిబ్బలపేట కులపెద్ద ఎల్లాజీ భార్య. నూకయ్యకు దూరపు వరసలో చెల్లెలు. ఆమె తిన్నగా ఉష దగ్గరికి పోయి, రెండు చేతులూ పట్టుకుని, గాజుల మీద నుదురు ఆనించి ఏడ్చింది. ఉష బిగుసుకుపోయింది. లక్ష్మణమ్మ గుమ్మంలో నిలబడి, ఎవరు సెప్పినారు, ఎక్కడ దొరికినాడు అని అడుగుతోంది. ఎవరూ బదులు చెప్పడం లేదు. చావింటికొచ్చినవాళ్లు ప్రశ్నలకు బదులివ్వరు, ఏడుస్తారు.

ఆటో డ్రైవరు ఫోను తీసి చూపించాడు. తెప్పలు తోసే చోట రెండు కర్రల మధ్య వెంకీ నవ్వుతున్నాడు. నెత్తి మీద ఎర్రగా కన్నీటి వీడ్కోలు.

నూకయ్య చేయి ఉషను వెనక్కి లాగింది. ఎవరూ ఏడవకండని కసిరాడు. ఎవరూ ఆగలేదు. అతను ఇంటి వెనక్కి పోయి ఎల్లాజీకి ఫోను చేశాడు.

ఎల్లాజీ చాలా నెమ్మదిగా మాట్లాడాడు. వేకువన తెప్పలు తోయబోతుంటే ఫ్లెక్సీ చూశామన్నాడు. చావు కబురు ఫోనులో మాట్లాడటం పద్ధతి కాదు గనక ఆడవాళ్లను పంపామన్నాడు. మేం కూడా సాయంత్రానికి వస్తామన్నాడు. ఆ పైన, పెద్ద సాయం చేసినవాడిలా గొంతు తగ్గించి ఇలా అన్నాడు.

"మీ గుంటడు మాకు పరాయోడేటి బావా? ఒక్క తెప్ప దిగనీలేదు ఈ రోజు. పక్క పల్లెలకి కూడా సెప్పినాను. ఎవులూ దిగలేదు."

చావు తెలిసిన రోజు సముద్రంలో దిగకూడదు. నూకయ్య తాత పెట్టిన నియమమూ అదే, ఎల్లాజీ తాత పెట్టిన నియమమూ అదే. తన భార్య పోయిన రోజు భావనపాడులో ఒక్క తెప్ప కదల్లేదు. దాన్ని నూకయ్య గౌరవమనుకున్నాడు.

"తెప్పలు దించు బావా. ఆడు సావలేదు. ఆ రాత తప్పు."



"అలాగే అనిపిస్తాది బావా. నా పెద్దోడు పోయినప్పుడు నానూ అలాగే అన్నాను. ఆడు బతికే ఉన్నాడు, లెగుస్తాడు అని."

నూకయ్య అరిచాడు, తిట్టాడు. ఎంత అరిస్తే ఎల్లాజీ గొంతు అంత మెత్తబడింది. ఏడుస్తున్నవాడి మాట మీద మైలలో తెప్పలు దించితే రేపు ఇంకో మనిషి పోతే ఆ నింద ఎవరు పడతారన్నాడు. ఆ ఫ్లెక్సీ వేసినవాడు వచ్చి తప్పని చెప్తే అప్పుడు చూద్దామన్నాడు. వేసినవాడి ఫోను నంబరు నూకయ్య దగ్గరుంది. ఎన్నిసార్లు కొట్టినా అది మోగి మోగి ఆగిపోయింది.

అదే ఆటో ఎక్కి కోటబొమ్మాళికి పోయాడు. రమేష్‌బాబు ఎవరి పెళ్లి ఫ్లెక్సీయో చేస్తున్నాడు, ఫోను మూలన ఛార్జింగులో పెట్టి. సంగతి విని నవ్వబోయి ఆపుకున్నాడు. నావల్ల తప్పు జరగదన్నాడు. నీ ముందే కదా మార్చాను, నీ కూతురికి ఫొటో కూడా పంపాను కదా అన్నాడు. నిన్నటి నుంచీ మూయకుండా కిందికి దించి ఉంచిన బొమ్మను పైకి లాగాడు. తెర మీద వెంకీ. పైన ఆచూకీ తెలపండి. కింద పెద్ద నంబరు.

"సూడు. ఏదీ తప్పు?"

నూకయ్య డ్రైవరు ఫోనును ఆ తెర పక్కన ఆనించి పట్టుకున్నాడు. అదే ముఖం, అదే నవ్వు, అదే చొక్కా. ఒకచోట వెతకమని ఉంది, ఒకచోట పోయాడని ఉంది. రమేష్‌బాబు అటూ ఇటూ చూశాడు. గోపినే అనాలని గోపికి ఫోను చేశాడు. గోపి వెనక్కి తగ్గలేదు. నా దగ్గర ఏదుంటే అది కొట్టాను, చదివి కొట్టడానికి నేనేం పంతులునా అన్నాడు. తన తెర ఫొటో తీసి పంపాడు. ఫైలు పేరు వెంకీ. ఎర్ర అక్షరాలు అలాగే ఉన్నాయి.

రమేష్‌బాబు అన్నీ మూసేశాడు. ఫోల్డర్ల కిటికీ కొత్తగా తెరిచాడు. శ్రీకాకుళం ఫోల్డరులోకి పోయి వెంకీ అన్న ఫైలు మీద రెండుసార్లు నొక్కాడు. కన్నీటి వీడ్కోలు లేచి నిలబడింది.

కుర్చీలో వెనక్కి వాలాడు. తనలో తను చెప్పుకుంటున్నట్టు చెప్పాడు. అక్కడి ఫైలు తెరిచాననుకున్నాను గాని, అది తెరవగానే దాని నకలొకటి ఈ కంప్యూటరులో దాచుకుంటుంది. మనం మార్చేది ఆ నకలు. సేవ్ కొట్టినప్పుడల్లా అది అక్కడికి చేరాలి. మొదటిసారి చేరింది. కరెంటు పోయినప్పుడు నెట్టు తెగింది, తిరిగి వచ్చినా ఆ లంకె కలవలేదు. ఆ తరవాత కొట్టిందంతా ఇక్కడే ఉండిపోయింది. అక్కడికి పోలేదు. ఆ గడి చెప్పింది అదే.

నూకయ్యకు అందులో ఒక్కటే అర్థమైంది. మొదటిసారి కొట్టింది మాత్రం చేరింది. అందులో ఎర్ర అక్షరాలున్నాయి. ముందు ఆ మాట తుడవమని అప్ప అడిగింది. అప్పను భుజం పట్టి లాగింది తన చెయ్యి.

అతను రమేష్‌బాబును కొట్టలేదు. ఎల్లాజీ నంబరు కొట్టి ఫోను అతని చెవికి ఆనించాడు. రమేష్‌బాబు కరెంటు దగ్గర మొదలుపెట్టాడు.

"కరెంటు సంగతి ఆడికెందుకు? తప్పు రాసినాను, మనిసి సావలేదు, అని సెప్పు."

రమేష్‌బాబు చెప్పాడు. అవతలివాడు తిట్టలేదు. ఫోను పెట్టెయ్యను కూడా పెట్టెయ్యలేదు. తెప్పలు తొయ్యండ్రా అన్న కేక, ఇసకలో పరుగులు, ఈ షాపులోకి వినబడ్డాయి.

ఇద్దరూ బైకు మీద దిబ్బలపేట చేరేసరికి ఎండ పడమటికి తిరిగింది. గాలి లేచింది. పొద్దున్న చదునుగా ఉన్న నీళ్లు ఇప్పుడు తెల్లగా విరుగుతున్నాయి. ఫ్లెక్సీ విప్పే తీరిక ఎవరికీ దొరకలేదు. గాలికి వెంకీ ముఖం ఉబ్బుతూ, ముడుచుకుపోతూ ఉంది. రమేష్‌బాబు దాని తాళ్లు విప్పబోతే ముడులు రాలేదు. నూకయ్య సాయం చెయ్యలేదు. లక్ష్మణమ్మ, ఉష మరిడమ్మవాళ్లతో ఇంకో ఆటోలో వచ్చి అప్పటికే నీళ్ల అంచున నిలబడి ఉన్నారు.

తెప్పలు తిరిగొస్తున్నప్పుడు ముందు నిలబడ్డవాడు తువ్వాలు ఎత్తితే మనిషి దొరికినట్టు. అందరూ చూస్తున్నారు. ఎవరూ తువ్వాలు ఎత్తలేదు. ఎల్లాజీ తెప్ప వెనక తాడు కట్టి ఒక నీలం తెప్పను లాక్కొస్తున్నారు.

తెప్ప ఒడ్డుకు తగిలింది. అందులో వెంకీ లేడు. తెడ్డును నిలబెట్టి కట్టి, దానికి చొక్కా తగిలించి ఉంది. డబ్బాలో అడుగున నీళ్లున్నాయి. తడి గోనె కింద సగం కోసి తిన్న చేప ఒకటి ఉంది.

మగాళ్లు ఆ చేపను చూసి తలలు తిప్పుకున్నారు. లక్ష్మణమ్మ తెప్పలోకి వంగి దాన్ని చేతిలోకి తీసుకుంది. నలభై ఏళ్లు చేపలమ్మిన చెయ్యి. మొప్ప ఎత్తి చూసింది. ఒంటి మీద వేలితో నొక్కి చూసింది. ముక్కు దగ్గర పెట్టుకుంది.

"పొద్దుటిది" అన్నది.

అందరికీ తెలుసు. నిన్నటి చేపైతే ఈ ఎండకి ఈపాటికి కుళ్లిపోయి ఉండును.

ఎల్లాజీ నూకయ్య పక్కన వచ్చి నిలబడ్డాడు. తడిసిపోయి ఉన్నాడు. తెప్ప దొరికిన చోటు నుంచి ఒడ్డున ఇళ్లు కనబడతాయని చెప్పాడు. వరసగా పెట్టిన తెప్పలు కూడా కనబడతాయట.

"ఒక్క తెప్ప నీళ్ల మీద ఉంటే ఆగును బావా. సొక్కా ఊపుతూ కూకుండును. ఏటీ కనపడ్లేదు. ఈదగలనని దూకేసినాడు."

ఉష చొక్కాను తెడ్డు నుంచి విప్పి, మడతపెట్టి చంకలో పెట్టుకుంది. గాజులు చప్పుడయ్యాయి. మరిడమ్మ ఈసారి దగ్గరికి రాలేదు.

ఇంకా వెలుగుంది. ఈదినవాడు ఏ రాయి పట్టుకునో, ఏ వల తాడు పట్టుకునో ఉండొచ్చని ఒకడన్నాడు. ఉండడని అందరికీ తెలిసినా తెప్పలు మళ్లీ తోయడానికి సిద్ధమయ్యారు. ఎల్లాజీ తన తెప్ప నూకయ్యకిచ్చాడు. దానికి ఇంకో మనిషి కావాలి. దిబ్బలపేట కుర్రాళ్లిద్దరు ముందుకొచ్చారు. వాళ్లని నూకయ్య వద్దన్నాడు.

రమేష్‌బాబు ఫ్లెక్సీ ఒక కొస విప్పి, రెండో కొస పట్టుకుని నిలబడి ఉన్నాడు. నా వల్ల ఏమైనా అవుతుందా మావా అని అడిగాడు. ఆ మాట అడగకుండా ఉండాల్సింది.

నూకయ్య అతన్ని కాళ్ల నుంచి తల దాకా చూశాడు. బూట్లు, ఇస్త్రీ చొక్కా, జేబులో పెన్ను.

"ఈత వచ్చునా?"

"రాదు."

"అయితే ఎక్కు."

రమేష్‌బాబు చుట్టూ చూశాడు. ఎల్లాజీ ఇసకలోకి చూస్తున్నాడు. లక్ష్మణమ్మ చేపను ఇంకా పట్టుకునే ఉంది. బూట్లు విప్పాలా అని అడిగాడు. ఎవరూ చెప్పలేదు. బూట్లతోనే నీళ్లలో దిగి, తెప్ప అంచు పట్టుకుని, రెండుసార్లు జారి ఎక్కాడు. నూకయ్య వెనక నుంచి తెప్పను తోసి తనూ ఎక్కాడు. మొదటి కెరటం దాటింది, రెండోది దాటింది.

ఒడ్డున అంతమంది ఉన్నారు. వద్దని ఒక్కరూ అనలేదు.